రెండు వీధులకూ తేడా లేదు

ఒకటో రోజు

నా పేరు ఓబుళమ్మ. వయసు డెబ్బై నాలుగు. కింది వీధిలో పదిహేడో ఇల్లు. నాకు అక్షరం ముక్క రాదు. ఈ ఫిర్యాదు పెట్టె ముందు కూర్చుని చెబితే నా మాటను అచ్చుభాషలోకి తిప్పి రాస్తుందట. రాయనీ. తిట్లు మాత్రం తియ్యగూడదు.

నా కేసు గాలి కమిటీ మీద, దాని పెద్ద సుంకన్న మీద. పోయిన ఏడాది నీళ్ల కోసం కొత్త బోరు వేసినప్పటి నుంచి మా వీధిలో ఏడుగురు పోయారు. మిగిలినవాళ్లు పొద్దున సైరను కూతకు తలలు పట్టుకుని లేస్తున్నారు. రోజూ పడక కూత కూసిన తర్వాత పంకాలను సగానికి తగ్గిస్తారు. ఆ తగ్గించే సమయంలోనే మా వాటా గాలిని మా పైనుండే మీది వీధికి మళ్లిస్తున్నారు. సుంకన్న ఇల్లు ఉన్నది మీది వీధిలోనే.

ఈ పొద్దున కొండ మీదికెక్కి మంచు నీళ్లు పట్టే వలలు పిండి, ఎండ తగలక ముందే కడవ దించుకుని వస్తుంటే సొరంగం మొదట్లో కనిపించాడు. నిలదీశాను. గోడకు ఛాతీ ఎత్తున బిగించిన మీటరు చూపించాడు.

"చూడు పెద్దమ్మా, పచ్చగా వెలుగుతాంది. ఇంకేం కావాల నీకు?"

"నీ మీటరు నీ మాట వినక నా మాట వింటుందా? నువ్వు బిగించిందే గదా."

"రుజువు తీసుకురా పో. ఊరికే నోరు పారేసుకుంటే ఎట్ల?"

బయటి ఎండకు తాళలేక ఊరంతా ఈ కొండ లోపలికి దిగి ముప్పై ఒక్క ఏళ్లయింది. ఇన్నేళ్లలో నన్ను రుజువు అడిగిన మగాడు వీడొక్కడే. పంచాయతీ వాళ్లు ఇరవై ఆరో రోజున విచారణ పెడతామన్నారు. రుజువు అప్పటికి తెస్తాను.

రెండో రోజు

నా కొడుకు కూతురు తుషార తొమ్మిదో తరగతి. గణాంకాల పాఠంలో పిల్లలందరూ ఊళ్లో ఏదో ఒక విషయం మీద లెక్క తీయాలట. దానికి ముందు పరికల్పన అని ఒక వాక్యం రాయాలట. దానితోటి పిల్లలు చెప్పుల సైజుల మీద, పుట్టగొడుగుల మడుల మీద రాసుకుంటున్నారు.

"ఒసేయ్, గాలి కమిటీ మీద రాయి," అన్నాను. "నీకు మార్కులొస్తాయి, నాకు రుజువొస్తాది."

"సుంకన్న మామ కూతురు నా పక్కనే కూచుంటాది జేజీ."

"ఇంకా మంచిది. చదివి వాళ్ల నాయనకు చెప్తాది."

మూడో రోజు

మీది వీధి చివర ఉండే రమీజా టీచరమ్మ తుషార కాగితం తీసుకుని పైకి చదివింది.

"'గాలి కమిటీ వాళ్లు దుర్మార్గులు.' ఇదేనా నీ పరికల్పన?"

"మా జేజి చెప్పింది మేడం. నేను తగ్గించి రాసినా. అసలుది ఇంకా పెద్దదుండె."

తుషార వెంట నేనూ పోయి పక్కనే నిలబడ్డాను. టీచరమ్మ నా వైపు తిరిగింది. "దుర్మార్గాన్ని దేంతో కొలుస్తాం అవ్వా?"

"నన్నడుగు. నేను కొలిచి చెప్తా."

"నువ్వు కొలిస్తే నీ కొలత, సుంకన్న కొలిస్తే సుంకన్న కొలత. ఎవరు కొలిచినా ఒకటే రావాల. అట్లాంటిది చెప్పు."

"కింది వీధి గాలి మంచిది కాదు. సరేనా?"

"మంచిది కాదని ఎట్ల తెలుస్తాది?"

"జనం చస్తాండారు గదమ్మా! ఏడుగురు!"

"మీది వీధిలో ఎంతమంది?"

నాకు తెలుసు. ఊళ్లో ఎవరు పోయినా ముందు నన్నే పిలుస్తారు. ఐదుగురు. "వాళ్లు ముసలోళ్లు. టైమొచ్చి పోయినారు," అన్నాను.

"మీ ఏడుగురూ పడుచోళ్లా?"

తుషార నవ్వు దాచుకోవడానికి గోడ వైపు తిరిగింది. ఇంటికొచ్చాక దాని చెవి మెలిపెట్టాను.

నాలుగో రోజు

వాక్యం కుదిరింది. నాకు నోటికి వచ్చేదాకా తుషార చేత చదివించుకున్నాను: "ఈ ఏడాదిలో వరసగా మూడు పొద్దులైనా తలనొప్పితో లేచినవాళ్లు మీది వీధిలో కంటే కింది వీధిలో ఎక్కువ." చావుల లెక్క వద్దంది టీచరమ్మ. చావులు తక్కువ, ముసలితనం కలిసిపోతుంది, తలనొప్పయితే అడిగి లెక్కపెట్టవచ్చు అంది. అదీ బాగానే ఉంది.

ఆ తర్వాత ఆవిడ ఇంకో మాట అంది.

"ఇప్పుడు దీనికి ఎదురు వాక్యం రాయాల. 'రెండు వీధులకూ తేడా లేదు.' ముందు ఇదే నిజమనుకోవాల."

"సుంకన్న మాట నా కాగితం మీదనా!"

"పడగొట్టడానికే రాస్తాండాం అవ్వా. మన లెక్క దాన్ని పడగొట్టాల."

"పడకపోతే?"

"పడకపోతే నీ మాట నిలబడలేదని ఒప్పుకోవాల. నూటికి పదిహేనుమంది తేడా అయినా రాకపోతే ఒప్పుకుంటానని ఇప్పుడే వేలిముద్ర వెయ్యి. లెక్క చూసినాక కాదు, ముందే."

నేను చాలామందితో తగవు పడ్డాను. నా మొగుడితో, మా అత్తతో, పంచాయతీతో. నేను తప్పయితే ఎట్లా తెలుస్తుందో నన్నే చెప్పమన్న మనిషిని మాత్రం చూడలేదు. అయినా నా చేతిలో ఏడుగురున్నారు. వేలిముద్ర వేశాను.

ఆరో రోజు

వీధికి నలభై ఇళ్లు. అందులో పదిహేను ఇళ్లు చొప్పున అడిగితే చాలట. ఏ ఇళ్లో నేను చెబుతానన్నాను. రోగమున్న ఇళ్లన్నీ నాకు తెలుసు.

"అందుకే నువ్వు ఏరకూడదు," అంది టీచరమ్మ.

కొర్రల డబ్బా ఖాళీ చేసి, చీటీలు వేసి, తుషార చేత తీయించింది. సరే, దానితో పాటు ఇళ్లకు పోతానన్నాను. అదీ వద్దంది.

"ఎందుకు వద్దు?"

తుషారే చెప్పింది. "నువ్వు గడపలో నిలబడి, 'ఏం, నీకు తలనొప్పుండాది గదా?' అంటే లేదనే ధైర్యం ఈ ఊళ్లో ఎవరికుంది జేజీ?"

అది నిజమే. ఇంట్లో కూర్చుని కొర్రలు దంచాను.

తొమ్మిదో రోజు

పక్కింటి గిడ్డమ్మ పోయింది. నాకంటే రెండేళ్లు పెద్దది. ఇద్దరం ఒకే రోజు ఈ కొండలోకి దిగాం. స్నానం నేనే చేయించాను.

తర్వాత వాళ్లింట్లో వేలాడే మంచాల తాళ్లన్నీ విప్పి బయట పెట్టించాను. మామూలు రోజుల్లో ఇక్కడ అందరూ మంచాల మీదే పడుకుంటారు. నేల చెమ్మగా ఉంటుంది. కానీ మనిషి పోయిన ఇంట్లో పదకొండో రోజు దినం చేసేదాకా అయినవాళ్లంతా నేల మీదే పడుకోవాలి. లోపలికి దిగినప్పుడు నిప్పు పనికిరాదన్నారు, చితి కట్టె పోయింది. తల దగ్గర దీపం పోయింది, ఇప్పుడు పూసంత బ్యాటరీ బల్బు వెలిగిస్తున్నారు. ఇదొక్కటైనా మిగలాలని పట్టుబట్టింది నేనే. మంచం ఎక్కితే తాడు కోసేస్తానని చెప్పి మరీ వస్తాను.

గిడ్డమ్మ మొగుడు రంగముని నడుము నొప్పి మనిషి. పట్టుకుని కూర్చోబెట్టి, చాప మీద పడుకోబెట్టాను. కొడుకు ఉరుకుందు, కోడలు హరిత. హరితకు ఆరో నెల.

"పెద్దమ్మా, నాకైనా మంచం..." అంది హరిత.

"మీ అత్త కంటే నీ నడుమెక్కువా? పది రోజులే. పండుకో."

ఈ చావు కూడా గాలి కమిటీ లెక్కలోదే. ఎనిమిది.

పన్నెండో రోజు

లెక్క వచ్చింది. టీచరమ్మ చదివింది. కింది వీధిలో యాభై ఎనిమిది మందిలో పదకొండు మంది. మీది వీధిలో అరవై ఒక్క మందిలో పదిమంది. నూటికి చూస్తే తేడా మూడు.

మళ్లీ చదవమన్నాను. మళ్లీ అదే వచ్చింది.

"మీది వీధోళ్లు అబద్ధం చెప్పినారు."

"వాళ్లు లేని తలనొప్పి ఉందని ఎందుకు చెప్తారు అవ్వా? అట్ల చెప్తే సుంకన్నకే గదా చెడ్డపేరు?"

"అయితే తలనొప్పి వద్దు. దగ్గు పెట్టుకుందాం. మా వీధిలో దగ్గు జాస్తి."

"లెక్క చూసినాక మాట మార్చకూడదు. కొత్త మాటకు కొత్త లెక్క కావాల. ఉన్న లెక్కలో నుంచి ఏరుకుంటే కనిపించేది కాకతాళీయమేమో తెలీదు."

ఆ కాగితం మీద నా వేలిముద్ర ఉంది. దారంతా సుంకన్నను తిట్టుకుంటూ ఇంటికొచ్చాను. పక్కింటి గడపలో హరిత కణతలు నొక్కుకుంటూ కూర్చుని ఉంది. తల దిమ్ముగా ఉందంది. దుఃఖం అట్లే ఉంటుందని చెప్పాను.

పదమూడో రోజు

తుషార ఎక్కడో తప్పు చేసి ఉంటుందని, అవునన్నవాళ్ల ఇళ్లన్నీ నాకు చదివి వినిపించమన్నాను. అది కాగితంలో ఇంటి నంబర్లే రాసుకుంది. ఏ నంబరులో ఎవరున్నారో, ఆ ఇంట్లో ఏం జరిగిందో నాకు తెలుసు.

"మీది వీధి నాలుగు. ఐదుగురిలో ఐదుగురు."

నారాయణప్ప ఇల్లు. వాళ్లమ్మ పోయింది. మంచాలు నేనే విప్పాను.

"మీది వీధి ఇరవై తొమ్మిది. నలుగురిలో నలుగురు."

ఆ ఇంట్లో తండ్రి పోయాడు, దినం కాకముందే తమ్ముడు పోయాడు. మంచాలు నేనే విప్పాను.

"కింది వీధి ఎనిమిది. ఐదుగురిలో ఐదుగురు."

"ఊ. చదువు."

"కింది వీధి ముప్పై మూడు. ఆరుగురిలో నలుగురు. మిగిలినోళ్లు ఐదేళ్ల కవలలు, వాళ్లకేం లేదు."

చిన్నపిల్లలు కదా అని ఆ ఇంట్లో ఒక్క మంచం వదిలిపెట్టాను. కవలలిద్దరూ దాని మీదే పడుకున్నారు.

ఇరవై ఒక్క మందిలో పద్దెనిమిది మంది ఆ నాలుగు ఇళ్లవాళ్లే. మిగిలిన ముగ్గురిలో ఒకడు చిన్నప్పటి నుంచీ తల పట్టుకుని తిరిగేవాడు. నాకు చదువు లేదు కానీ, రెండు వీధులకూ తేడా లేదని ఎందుకు వచ్చిందో తెలిసిపోయింది. తేడా వీధిలో లేదు, నేలలో ఉంది. నేను ఎవరిని నేల మీద పడుకోబెట్టానో వాళ్లే తలలు పట్టుకుని లేచారు. కొందరు లేవలేదు.

"ఏంది జేజీ, అట్లుండావు? నీళ్లు తేనా?" అంది తుషార.

"ఏం లేదు. పో, చదువుకో."

ముప్పై ఒక్క ఏళ్లు నేను నిలబెట్టిన ఆచారం. ఇళ్లలో నాకున్న మర్యాదంతా దాంతోనే. ఉన్న లెక్కలో నుంచి ఏరుకుంటే కాకతాళీయం కావచ్చని టీచరమ్మే అంది కదా. కొత్త లెక్క కావాలంది కదా. కానీ పక్కింట్లో హరిత ఇప్పుడు కూడా నేల మీదే ఉంది. రేపు ఆలోచిస్తాను.

పద్నాలుగో రోజు

ఈ రోజు చెప్పడానికి ఏమీ లేదు. మంచు వలలు పిండాను. పుట్టగొడుగుల మడికి నీళ్లు చల్లాను. రంగముని గడపలో కనిపించి, "తల పగిలిపోతాంది వదినా, ఇంకెన్ని రోజులు?" అన్నాడు. ఐదు రోజులని చెప్పాను.

పదిహేనో రోజు

పొద్దున కూత ఇంకా ఆగక ముందే ఉరుకుందు కేక వినిపించింది. పరుగెత్తాను. రంగముని చాప మీద రాత్రి పడుకున్నట్టే ఉన్నాడు. ముఖం ఎర్రగా ఉంది. ఒళ్లు చల్లగా ఉంది. గడప పక్కన పడుకున్న ఉరుకుందు లేచి హరితను కుదుపుతున్నాడు. కళ్లు తెరవడం లేదు. నేనూ వాడూ చెరో చెయ్యి పట్టి ఈడ్చుకొచ్చి వీధి పంకా కింద పడేశాం. చాలాసేపటికి దగ్గింది. వాంతి చేసుకుంది. కళ్లు తెరిచింది. కడుపు మీద చెయ్యి పెట్టి చూశాను. బిడ్డ కదిలింది.

నేను అక్కడే నేల మీద కూలబడి, మరుక్షణం లేచి నిలబడ్డాను.

జనం చేరారు. రంగముని ఒంటికి స్నానమైంది. ఉరుకుందు ఏడుస్తూ తనే చాపలు దులిపాడు.

"మళ్లీ పది రోజులు పెద్దమ్మా. నాయనకు కూడా లోటు చెయ్యం."

"చాపలు తియ్యి," అన్నాను. "మంచాలు కట్టు. అందరూ మంచాల మీదే పండుకోండి."

ఊరంతా నా వైపు చూసింది. ఉరుకుందు చేతిలో చాప అలాగే ఉంది.

"అమ్మకు చేయించినావు. మా నాయనకు ఎందుకొద్దు? ఆయనేం పాపం చేసినాడు? నీకు ఆయనంటే పడదని..."

"కట్టురా ముందు!"

"కట్టను. నువ్వే గదా తాడు కోస్తానన్నది!"

వాడి మాట తప్పు కాదు. ఇన్నేళ్లు అందరి తలల్లో నేనే కూర్చోబెట్టిన మాట, ఇప్పుడు నేను లేపితే లేవదు. జనంలో సుంకన్న ఉన్నాడు. దగ్గరికెళ్లాను.

"ఆ గోడ మీది మీటరు ఊడదీసి ఈ ఇంట్లో నేల మీద పెట్టు."

"నా మీద కేసు పెట్టి నాతోనే పని చేయించుకుంటావా పెద్దమ్మా?"

"కేసు తీసేస్తా. కావాలంటే నీ కాళ్లు పట్టుకుంటా. పెట్టు సుంకన్నా."

నా నోటి నుంచి అలాంటి మాట వాడెప్పుడూ వినలేదు. ఇంకేమీ అడగకుండా మరలు విప్పాడు. వీధి మీటరు కదా, తీగ పొడుగ్గా ఉంది. గడప దాటి లోపలికి తెచ్చాడు. ఛాతీ దగ్గర పచ్చగా ఉంది. మోకాలి దగ్గరికి దించాడు. పసుపైంది. రంగముని పడుకున్న చోట నేలకు ఆనించాడు.

ఎర్రగా వెలిగి, గీ మని అరిచింది. ఆ మీటరుకు గొంతు ఉందని అప్పటిదాకా ఊళ్లో ఎవరికీ తెలియదు.

సుంకన్న నేల పగుళ్ల మీద చెయ్యి పెట్టి చూశాడు. "బోరు... బోరు వేసినప్పుడు కింద ఏదో పగిలింది. దాంట్లోంచి వచ్చే చెడ్డగాలి మామూలు గాలి కంటే బరువు. పంకాలు తగ్గించినాక నేలంబడి పరుచుకుంటాది. నేను పైన కొలుస్తా ఉంటిని." అని, ఏడ్చినంత పని చేశాడు.

ఉరుకుందు చాప పారేసి తాళ్ల కోసం పరుగెత్తాడు. జనం ఎవరిళ్లకు వాళ్లు ఉరికారు. తుషార మాత్రం కదలలేదు.

"నీకెట్ల తెలిసింది జేజీ?"

నేను చెప్పలేదు. అది మొన్నటి కాగితాలు గుర్తు చేసుకుంటున్నట్టు పెదవులు కదిపింది.

"నేను నంబర్లు చదివినప్పుడేనా? మొన్ననా?"

తల ఊపాను. అది నన్ను కొట్టి ఉంటే బాగుండేది. పుస్తకాలు తీసుకుని టీచరమ్మ ఇంటికి పోయింది.

పదహారో రోజు

తుషార కొత్త వాక్యం సొంతంగా రాసుకుంది. నాకు చదివి వినిపించలేదు. టీచరమ్మ వచ్చి చెప్పింది: "మనిషి పోయిన ఇంట్లో నేల మీద పడుకున్నవాళ్ల కంటే మంచం మీద పడుకున్నవాళ్లకు పొద్దున తలనొప్పి తక్కువ." తన అత్త పోయినప్పుడు తమ ఇంట్లో అందరూ మంచాల మీదే పడుకున్నారని, ఒక్కరికీ తల నొప్పి లేదని కూడా చెప్పింది. ఆవిడ అత్త ఈ ఏడాదే పోయింది. ఆ ఇంటికి మా పద్ధతి లేదు కాబట్టి నేను మంచాలు విప్పలేదు.

"అయితే ఇప్పుడు కొందర్ని నేల మీద పండబెట్టి చూడాల్నా?" అని అడిగాను.

"వద్దు అవ్వా. లెక్క కోసం మనిషిని చంపరు. నేల లెక్క నువ్వు ఇప్పటికే ఇచ్చినావు."

కావాలని అన్నది కాదు. అన్న తర్వాత ఆవిడే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

ఇరవై ఆరో రోజు

విచారణ. నిన్ననే రంగముని దినం అయింది. ఆ ఇంట్లోనూ, మీది వీధిలో అప్పుడే మనిషి పోయిన ఇంకో ఇంట్లోనూ కలిపి తొమ్మిదిమంది పది రోజులూ మంచాల మీద పడుకున్నారు. తలనొప్పి ఒక్కరికీ లేదు. తొమ్మిది చాలా తక్కువ, ఇంకా లెక్కపెడుతూ ఉండాలి అంది తుషార. నిలబడి, గొంతు తడబడకుండా చెప్పింది. నా వైపు చూడలేదు.

సుంకన్న లేచాడు. మీటర్లన్నీ మడమ ఎత్తుకు దించానని, బోరు మూయిస్తున్నానని, తప్పంతా తనదేనని అన్నాడు. "పెద్దమ్మ తెలియక చేసింది. ఏదో ఆచారం. ఆమెను ఏమీ అనొద్దు." పంచాయతీ పెద్దలు తలలూపారు. తెలియక జరిగిందని రాసి కేసు మూసేద్దామన్నారు.

మూయడానికి నేను ఒప్పుకోలేదు.

"పదమూడో రోజు సాయంత్రం దాకా నాకు తెలీదు. అది రాసుకోండి. పదిహేనో రోజు పొద్దున రంగముని లేవలేదు. మధ్యలో ఒక పగలుండాది. ఆ పగలు ఆయన నా ముందు నిలబడి తల పగిలిపోతాందన్నాడు. ఇంకా ఐదు రోజులని చెప్పినా. అప్పుడు నాకు తెలుసు. ఏడాదంతా వద్దు, ఆ ఒక్క పగటికి నా మీద కేసు రాయండి."

ఉరుకుందు లేచి నిలబడి, మళ్లీ కూర్చున్నాడు. పెద్దల్లో ఒకాయన మెల్లగా అన్నాడు, "నువ్వు ఆ రోజు చెప్పినా ఆయన ఉండేవాడో లేదో పెద్దమ్మా. ముసలాయన. ఎవరు చెప్పగలరు?"

నేను టీచరమ్మ వైపు తిరిగాను. "నాకు నేర్పినావు గదా. రాయి. 'ఓబుళమ్మ ఆ పొద్దు నోరు తెరిచుంటే రంగముని బతికేవాడు.' దానికి ఎదురు వాక్యం, 'తెరిచినా తేడా లేదు.' ముందు తేడా లేదనే అనుకుందాం. ఇప్పుడు పడగొట్టు."

ఆవిడ కలం తీసి, మళ్లీ కింద పెట్టింది.

"దీన్ని పరీక్ష చెయ్యలేం అవ్వా. ఆ రోజు మళ్లీ రాదు."

"పరీక్ష ఎందుకు?"

హరిత. పంకా కింద, గోడకు ఆనుకుని, రెండు చేతులూ కడుపు మీద పెట్టుకుని కూర్చుని ఉంది. ఈ పదకొండు రోజుల్లో నాతో మాట్లాడింది అదే మొదలు.

"ఆ పొద్దు మా మామ పక్క చాప మీద ఉన్నది నేనే. నువ్వు చెప్పుంటే ఇద్దరం లేచి మంచమెక్కేటోళ్లం."

నా పేరు మీద కేసు రాశారు.